స్ట్రాబెర్రి సేద్యము: సికింద్రాబాదు చుట్టుపట్ల రైతులకు సూచనలు

సికింద్రాబాదు, హైదరాబాదు నగరములలో చలికాలము వచ్చినంతనే స్ట్రాబెర్రి యను ఎఱ్ఱని చిన్నపండ్లు అంగళ్లకు వచ్చుచున్నవి. వానిలో అధికభాగము మహారాష్ట్రమునందలి మహాబలేశ్వరమునుండి దిగుమతి యగుచున్నది. ఆంధ్రప్రదేశమున అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి పరిసరములందును గిరిజన గ్రామముల పొలములలో ఈ పైరు సాగగుచున్నది. పండు వెల చూచి మన ప్రాంతపు రైతులలో పలువురు దీనిని వేయవలెనని తలపెట్టుచున్నారు. ఈ పైరునకు పెట్టుబడి యెక్కువ, కాలము తక్కువ, పొరపాటు జరిగినచో సరిదిద్దుకొనుటకు వ్యవధి యుండదు. కనుక రైతులు ఒక్క రూపాయి యైన వ్యయము చేయుటకు పూర్వము తెలిసికొనవలసిన సంగతులు ఈ కరపత్రమున వ్రాయబడినవి.

మొదటనే చెప్పవలసిన మాట యొకటి కలదు. మొదటి సంవత్సరము ఎవరును రెండు గుంటలకు మించి ఈ పైరును వేయరాదు. దీనికి గల కారణములు ముందు ముందు విశదమగును.

మొక్క స్వభావము

స్ట్రాబెర్రి గులాబి కుటుంబమునకు చెందినది. ఆపిలు, బాదము మొదలగు వృక్షములును ఈ కుటుంబములోనివే. అయితే ఇది చెట్టు కాదు, పొద కాదు, నేలనంటి జానెడెత్తున పెరుగు చిన్న మొక్క. మూడేసి యాకులు గల రెమ్మలు మొక్క మొదటినుండి గుంపుగా పుట్టును. పువ్వు తెల్లనిది; అయిదు రేకులు గలది. వేళ్లు మిక్కిలి పైపైననే యుండును. అందు ఎక్కువ భాగము నేలలో ఆరంగుళముల లోపలనే వ్యాపించును. ఈ యొక్క సంగతిని బట్టియే నీరు, ఎరువు, మడి మున్నగువాని విషయమున రైతు నడచుకొనవలెను.

ఈ మొక్క స్వభావముచేత బహువార్షికము; అనగా చల్లని దేశములలో ఒకసారి నాటిన మొక్క కొన్ని సంవత్సరములు బ్రతుకును. గరిక ఏ రీతిగా నేలపై ప్రాకి కణుపు కణుపునకు వేరూనునో, ఆ రీతిగనే ఇదియు దీర్ఘమైన పగళ్లు, వెచ్చని వాతావరణము గల కాలమున తీగెలను ప్రాకించి వాని కణుపులయందు పిల్లమొక్కలను పెట్టును. ఆ పిల్లలనే వేరుచేసి నారుగా వాడుదురు. పగలు కుఱచయై చలి తగిలినప్పుడు తీగెలు మాని పూత పట్టును. మనకు పండ్లు చలికాలమున మాత్రమే వచ్చుటకు కారణమిదియే.

మనము తినెడి ఎఱ్ఱని గుజ్జు నిజమునకు పండు కాదు. జీడిమామిడిలో గింజయే అసలు పండై, రసముగల భాగము ఉబ్బిన కాడ యగుట రైతులకు తెలిసినదే. స్ట్రాబెర్రిలోను అట్లే, పువ్వు అడుగుభాగమగు పుష్పాసనము ఉబ్బి గుజ్జగును. దానిపై నువ్వులవలె అంటుకొని యుండు చిన్న గింజలే అసలు పండ్లు. ఒక్కొక్క గింజ ఫలించినప్పుడే దాని చుట్టునున్న గుజ్జు ఉబ్బును. గింజ ఫలింపని చోట గుజ్జు పెరుగక పండు వంకరగా, గిడసబారి యుండును. దీని ప్రయోజనము తేనెటీగలను గూర్చిన భాగమున తెలియగలదు.

ఈ మొక్క వచ్చిన దారి

అడవి స్ట్రాబెర్రి జాతులు చల్లని దేశములందు అనేకములు కలవు. మన దేశమున హిమాలయములందు తెల్లని పూవుగల అడవి జాతి పెరుగును. దాని పండ్లు చిన్నవైనను తినదగినవి. కొండ ప్రదేశములలో పసుపుపచ్చని పూవుగల మఱియొక మొక్కయు కలదు. అది చూచుటకు స్ట్రాబెర్రి వలెనే నేలపై ప్రాకి ఎఱ్ఱని పండ్లు కాయును. కాని ఆ పండ్లలో రుచి లేదు. నారు కొనువారు ఈ భేదము నెఱిగి యుండుట మంచిది. పూవు తెల్లగా నున్నదే స్ట్రాబెర్రి. పచ్చగా నున్నది దాని చుట్టము మాత్రమే.

నేడు సాగునందున్న పెద్దపండు జాతి అడవిలో పుట్టినది కాదు. 1714వ సంవత్సరమున ఫ్రెజియే యను ఫ్రెంచి సైనిక ఇంజనీరు దక్షిణ అమెరికాలోని చిలీ దేశమునుండి పెద్ద పండ్లుగల జాతి మొక్కలు అయిదింటిని ఫ్రాన్సునకు తెచ్చెను. ఆ మొక్కలు ఏపుగా పెరిగెను గాని కాయలు కాయలేదు. ఏలయన అవి యన్నియు ఆడుమొక్కలే. ఉత్తర అమెరికానుండి వచ్చిన మఱియొక జాతి సమీపమున నున్నప్పుడు దాని పుప్పొడి సోకి కాపు పట్టెను. ఆ రెండు జాతుల కలయికచేత నేటి పండు పుట్టినది. డ్యూషేను అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1766లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతిని విశదపఱచెను. నేటి జాతులలో ఒకే పువ్వునందు ఆడు, మగ భాగములు రెండును ఉన్నవి. అయినను పుప్పొడి పువ్వంతటను చక్కగా వ్యాపించుటకు తేనెటీగ అవసరము తీరలేదు.

మన దేశమునకు ఈ పైరు ఆంగ్లేయుల కాలమున వచ్చెను. వారు వేసవి విడిదిగా చేసికొన్న మహాబలేశ్వరమున ఇది బాగుగా స్థిరపడి, 2010లో భౌగోళిక గుర్తింపును పొందినది.

మన శీతోష్ణస్థితి

స్ట్రాబెర్రికి పగటి వేడిమి 22 మొదలు 25 డిగ్రీలు, రాత్రి 7 మొదలు 13 డిగ్రీలు ఉండుట శ్రేష్ఠము. మహాబలేశ్వరము సముద్రమట్టమునకు సుమారు 4,500 అడుగుల ఎత్తున నున్నది. లంబసింగి సుమారు 3,300 అడుగుల ఎత్తున నున్నది. సికింద్రాబాదు ఎత్తు సుమారు 1,800 అడుగులు మాత్రమే. ఇచ్చట జనవరి మాసమున సగటున రాత్రి వేడిమి 15 డిగ్రీల ప్రాంతమునను, పగటి వేడిమి 29 డిగ్రీల ప్రాంతమునను ఉండును. అనగా మన చలికాలము ఈ మొక్కకు అనుకూలమే గాని మిక్కిలి అనుకూలము కాదు. ఫిబ్రవరి కడపటినుండి ఎండ ముదురును. పండ్లు చిన్నవగును, మెత్తబడును. మార్చి నడుమకు కాపు ముగిసినట్లే భావింపవలెను. మేమాసపు 39, 40 డిగ్రీల యెండలో మొక్క బయట బ్రతుకుట కష్టము.

కావున బహువార్షికమైన ఈ మొక్కను మన ప్రాంతమున సంవత్సరపు పైరుగనే ఎంచవలెను. ఒకప్పుడు మేడ్చలు, శామీరుపేట ప్రాంతములలో అనాబెషాహి ద్రాక్షతోటలు విస్తారముగా నుండెడివి. ఆ తోటవేసిన రైతు ఒకసారి పెట్టిన పెట్టుబడిని అనేక సంవత్సరముల కాపుమీద రాబట్టుకొనుటకు వీలుండెను. స్ట్రాబెర్రి వేసినవాడు పెట్టినదంతయు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మాసములలోనే రాబట్టుకొనవలెను. ఈ భేదమును మఱవరాదు.

నేల

నీరు నిలువని ఇసుకపాలుగల ఎఱ్ఱ చల్కనేల దీనికి తగినది. నల్ల రేగడి భూములు ఎంతమాత్రమును పనికిరావు. రేగడిలో నీరు నిలిచి పైపైనున్న వేళ్లు కుళ్లును. అదిగాక అందలి సున్నపుపాలుచేత మొక్కకు ఇనుము అందక ఆకులు ఈనెలు తప్ప తక్కినదంతయు పసుపువర్ణమునకు తిరుగును. నేల ఉదజని సూచిక 5.5 మొదలు 6.5 వఱకు ఉండుట శ్రేష్ఠము. 7.5 దాటిన నేలలో ఈ పైరును వేయకుండుటయే లాభము. భూసార పరీక్ష చేయింపక ఈ పైరునకు పూనుకొనరాదు.

క్రిందటి పైరేదియో కూడ చూడవలెను. టమాట, వంగ, మిరప, బంగాళాదుంప పైరులను ఎండించు వడలు తెగులు స్ట్రాబెర్రికిని సోకును; ఆ తెగులు బీజములు నేలలో అనేక సంవత్సరములు నిలిచియుండును. నగరపు చుట్టుపట్ల టమాట వేయని పొలము అరుదు గనుక ఈ హెచ్చరిక మనకు ముఖ్యము. జొన్న, మొక్కజొన్న వేసిన చెక్కను ఎన్నుకొనుట మేలు.

నీరు

ఈ పైరును మన ప్రాంతమున చెఱచునది చాలచోట్ల ఎండకంటె ఉప్పునీరే. తోటపైరులలో ఉప్పును మిక్కిలి తక్కువగా సహించువానిలో స్ట్రాబెర్రి యొకటి. బావినీటి లవణసూచిక, అనగా పరీక్షాపత్రములలో ఇ.సి. అని వ్రాయబడు అంకె, 0.7 లోపుగా నున్నచో నిశ్చింతగా వాడవచ్చును. 1.0 దాటినకొలది దిగుబడి త్వరితముగా తగ్గును. ఆకుల అంచులు మాడును. గొట్టపుబావుల నీరు లోతు పెరిగినకొద్ది గట్టిపడుట రైతులకు అనుభవమే. పశువులు త్రాగునంత మాత్రమున, వరి పండునంత మాత్రమున, ఆ నీరు దీనికి పనికివచ్చునని తలపరాదు. ఒక సీసాలో నీరు పట్టించి పరీక్ష చేయించుటకగు వ్యయము స్వల్పము. చేయింపనందున కలుగు నష్టము పైరంతయు.

బిందుసేద్యము తప్పనిసరి. రెండు గుంటల పైరునకు చలికాలమున దినమునకు సుమారు 500 మొదలు 800 లీటర్ల నీరు చాలును. ఒకేసారి ముంచక కొద్దికొద్దిగా ప్రతిదినము ఇయ్యవలెను. కాలువలగుండ నీరు పెట్టినచో పండ్లు తడిసి బూజుపట్టును.

నారు సంపాదించుట

నారు కొండ ప్రదేశములందలి నమ్మకమైన నారుతోటలనుండి గాని, కణజాల పద్ధతిని పెంచువారినుండి గాని తెప్పించుకొనవలెను. త్వరగా కాపునకు వచ్చు వింటర్ డాన్, స్వీట్ చార్లీ జాతులు మన కుఱచ చలికాలమునకు అనువైనవి. కామరోసా జాతి పండు గట్టిది, రవాణాకు ఓర్చునది. కాని కొంత ఆలస్యముగా కాయును. మొదటిసారి వేయువారు త్వరగా కాయు జాతినే ఎక్కువగా వేయవలెను.

నారు అందినప్పుడు నాలుగు సంగతులు చూడవలెను. వేళ్లు తెల్లగా నుండవలెను, నల్లబడినవి తీసికొనరాదు. మొక్క మొదలును ఒకదానిని నిలువుగా కోసి చూచినచో లోపల తెల్లగా నుండవలెను. ఎఱుపు గాని గోధుమవన్నె గాని యున్నచో కుళ్లు ప్రవేశించినదని తెలిసికొని ఆ మోపును త్రిప్పి పంపవలెను. ఆకులు ముడుచుకొని రంగురంగుల చాఱలు గలిగి యుండరాదు. అవి వైరసు తెగులు చిహ్నములు. ఆకుల అడుగున ఎఱ్ఱనల్లి యుండరాదు. పొరుగువాని పాత మడినుండి ఉచితముగా వచ్చు పిల్లమొక్కలు తెగుళ్లనుకూడ ఉచితముగా తెచ్చును.

మడులు, ఎరువు

వేసవిలో రెండుసార్లు లోతుగా దున్ని నేలను ఎండనీయవలెను. రెండు గుంటలకు బాగుగా చివికిన పశువుల ఎరువు ఒకటి రెండు బండ్లు తోలవలెను. పచ్చి ఎరువు చెదలను, వేరుపురుగును తెచ్చును గనుక వాడరాదు. భాస్వరము, పొటాషు ఎరువులను భూసార పరీక్షా ఫలితమును బట్టి వేయవలెను. నత్రజని యెక్కువైనచో ఆకు బలిసి, పండు మెత్తనై నిలువ యుండదు. కనుక దానిని ఒకేసారి వేయక స్వల్పముగా పలుమారులు ఇయ్యవలెను.

మడులు మూడడుగుల వెడల్పున, ముప్పాతిక అడుగు ఎత్తున కట్టవలెను. మడికిని మడికిని నడుమ అడుగున్నర దారి విడువవలెను. నాటు కాలము వచ్చునప్పటికి వానలు పోయినవని ధైర్యపడి కొందరు ఎత్తు తగ్గింతురు, అది తగదు. 2020వ సంవత్సరము అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదు ప్రాంతమున కుంభవృష్టి కురిసినది. అట్టి వాన మఱల రాదని ఎవరును చెప్పలేరు. మడుల చివర నీరు పోవుటకు కాలువ తప్పక యుండవలెను.

మడులపై నీటిగొట్టములు పఱచి, వెండిరంగు పైకి, నలుపు అడుగునకు వచ్చునట్లు పాలిథీను పొర కప్పవలెను. దీనిచేత కలుపు పుట్టదు, తేమ నిలుచును, పండు మట్టినంటదు. పొర లేనివారు వరిగడ్డి పఱచవచ్చును. కాని చల్కనేలలో గడ్డికి చెదలు పట్టును గనుక తరచుగా ఎత్తి చూచుచుండవలెను.

నాటుట

చిత్త కార్తె మొదలుకొని స్వాతి కార్తె మొదటి దినముల వఱకు, అనగా అక్టోబరు నడుమనుండి నెలాఖరు వఱకు, నాటుటకు తగిన కాలము. అంతకు ముందు నాటినచో ఎండకు, వానకు నారు చచ్చును. ఆలస్యము చేసినచో కాపుదినములు తగ్గును.

ఒక్కొక్క మడిలో రెండు వరుసలుగా, వరుసలో మొక్కకు మొక్కకు అడుగెడు ఎడముండునట్లు, ఎదురెదురుగా గాక ఎడనెడగా నాటవలెను. ఈ లెక్కను రెండు గుంటలకు సుమారు 1,000 మొక్కలు పట్టును. ఎకరమునకు సుమారు 20,000 కావలెను. నాటునప్పుడు మొక్క మొదలు సరిగా నేలమట్టమున నుండవలెను. మొదలు పూడినచో కుళ్లును. వేళ్లు పైకి తేలినచో ఎండును. చచ్చు మొక్కలలో పెక్కు ఈ యొక్క లోపముచేతనే చచ్చును గనుక, కూలివారికి మొదటి పది మొక్కలను రైతు స్వయముగా నాటి చూపవలెను. సాయంకాలము నాటి, మొదటి వారము చిఱుజల్లుగా నీరు చల్లుచు, ఎండ తీక్షణముగా నున్నచో పైన నీడవల కట్టవలెను. నూటికి పది మొక్కలు విడిగా సంచులలో నుంచుకొని చచ్చినచోట్ల నాటవలెను.

నాటిన మూడు వారములలోపల వచ్చిన పూతను త్రుంచివేయవలెను. మొక్క బలపడకమునుపు కాచినచో తరువాతి కాపు తగ్గును. ప్రాకు తీగెలను కనబడినప్పుడెల్ల కోసివేయవలెను. పండిపోయిన ఆకులను, తెగులు మచ్చలు గల ఆకులను తీసి పొలము వెలుపల కాల్చవలెను గాని దారులలో పాఱవేయరాదు.

తేనెటీగలు

పువ్వు విచ్చిన నాటినుండి పండు ఎఱ్ఱబాఱుటకు సుమారు నాలుగు వారములు పట్టును. పువ్వునందలి గింజలన్నియు ఫలించుటకు తేనెటీగలు పలుమారులు వ్రాలవలెను. వంకరపండ్లు ఎక్కువగా వచ్చుచున్నచో ఎరువు లోపమని తలచి మరింత ఎరువు వేయుట కలదు; ముందుగా చూడవలసినది తేనెటీగలు వచ్చుచున్నవా లేదా యనునది. ఉదయము పది గంటలకు మడుల నడుమ కొంతసేపు నిలిచి చూచినచో తెలియును. పొలము గట్టున ధనియాలు, ఆవాలు కొన్ని వరుసలు చల్లినచో వాని పూతకు ఈగలు చేరును. పూతకాలమున పగటిపూట ఏ మందును చల్లరాదు. పొలములో తేనెపట్టు ఉన్నచో దానిని పొగబెట్టి తోలరాదు. అది జీతములేని పాలేరు.

తెగుళ్లు, పురుగులు

ఎఱ్ఱనల్లి: ఎండ ముదిరినకొలది ఆకుల అడుగున చేరి రసము పీల్చును, ఆకు కంచువన్నెకు తిరుగును. దుమ్ముపడు దారి ప్రక్కన ఎక్కువగా వచ్చును. ముదురాకులను తీసివేసి, ఉదయమున ఆకుల అడుగు తడియునట్లు నీటిని జల్లినచో ఉధృతి తగ్గును. వేపనూనె చల్లదలచినచో ముందు నాలుగు మొక్కలపై చల్లి, మాడకున్నచో సాయంకాలము మాత్రమే చల్లవలెను.

బూజు తెగులు: మబ్బు, మంచు గల దినములలో పండుపై బూడిదవన్నె బూజు పట్టును. బూజుపట్టిన పండును మంచిపండ్లు కోయు చేతితో ముట్టరాదు. వేఱుగ ఒక మనిషి ఏరి పాతిపెట్టవలెను.

మొదలు కుళ్లు: మొక్క పట్టపగలు వడలి సాయంకాలము తేరుకొని, రెండు మూడు దినములకు చచ్చును. మందు వెదకుటకంటె ఆ మొక్కను మట్టితో కూడ తీసివేసి నీరు నిలుచుటను మాన్పుట ఫలించును.

పక్షులు, చీమలు, నత్తలు పండినదానిని తినును. పక్షులకు వల కట్టవలెను.

మందుల విషయమున రైతులు మిక్కిలి జాగ్రత్తగా నుండవలెను. స్ట్రాబెర్రికి తొక్క లేదు. బిడ్డలు కడుగకయే నోట వేసికొందురు. పండు దినము విడిచి దినము కోయబడును గనుక, మందు చల్లిన పిమ్మట కోతకు వేచియుండవలసిన దినములను పాటించుట ఈ పైరులో మిక్కిలి కష్టము. కావున కాపు మొదలైన పిమ్మట ఘాటైన మందులను వాడక, ఏదేని తప్పనిసరియైనచో ఉద్యానశాఖ యధికారిని విచారించి, చెప్పిన దినములు గడచువఱకు ఆ పండ్లను అమ్మక పాఱవేయవలెను. ఈ నష్టమునకు సిద్ధపడనివాడు మందు చల్లరాదు.

కోత, అమ్మకము

మామిడి, అరటి, సపోట కోసిన తరువాత మాగును. స్ట్రాబెర్రి అట్లు మాగదు. కోసిన పిమ్మట రంగు కొంత ముదిరినను తీపి పెరుగదు. దూరమునుండి వచ్చు పండు దారిలో చెడకుండుటకై ముప్పాతిక యెఱుపునందే కోయబడును. మహాబలేశ్వరమునుండి మన నగరమునకు అయిదువందల కిలోమీటర్లకు మించిన దారి. సికింద్రాబాదునకు ఒక గంట దూరమున నున్న రైతునకు గల ఏకైక లాభమిదియే: అతడు పూర్తిగా ఎఱ్ఱబాఱి తీపెక్కిన పండును తెల్లవాఱుజామున కోసి, ఆ పూటయే కొనువానికి ఈయగలడు. కొండపండుతో అతడు పరిమాణమున పోటీపడలేడు, చౌకయందును పోటీపడలేడు, రుచియందు మాత్రము గెలువగలడు. తొందరపడి దోరపండు కోసిన రైతు తనకున్న ఆ యొక్క లాభమును తానే పోగొట్టుకొనును.

పండును ఎండ రాకమునుపు, తొడిమతో కూడ, కాడను గిల్లి కోయవలెను. పండును పట్టి లాగరాదు. కోసిన పండును కడుగరాదు. తడి తగిలినచో అదే దినము చెడును. తట్టలో నాలుగంగుళములకు మించి పోయరాదు. నీడలో ఏరి, 200 గ్రాముల డబ్బాలలో అమర్చవలెను. బయట రెండు దినములకు మించి నిలువదు. మిగిలినవానిని, వంకరపండ్లను జాము, షర్బతు చేయువారికి వేఱుగ అమ్మవలెను.

బోయినపల్లి మార్కెట్టువంటి పెద్ద అంగళ్లకు తెచ్చి వేలము పాటకు వదలు సరకు కాదిది. నాటుటకు పూర్వమే పండ్ల దుకాణములు, హోటళ్లు, మిఠాయి అంగళ్లు, నివాస సముదాయములవారు మున్నగువారితో మాటలాడి, దినమునకు ఎన్ని డబ్బాలు ఎవరు తీసికొందురో వ్రాసికొనవలెను. కొనువారు నిశ్చయము కానిచో నారు తెప్పింపరాదు.

లెక్క

వెలలు సంవత్సరమునకొక తీరున నుండును గనుక ఇచ్చట లెక్క చేయు రీతిని మాత్రము చూపుచున్నాము. 1,000 మొక్కలలో నూటికి పది చచ్చినచో 900 నిలుచును. మొక్కకు 200 గ్రాముల చొప్పున 180 కిలోలు. అందు నాలుగవ వంతు వంకరయు, చెడినదియు పోగా 135 కిలోలు అమ్మకమునకు వచ్చును. నారు, రవాణా, మడులు, గొట్టములు, పొర, ఎరువు, కూలి, డబ్బాలు, ఇంటివారు చేసిన పనికి కూలి, అన్నియు కూడి ఉదాహరణమునకు 27,000 రూపాయలైనదనుకొందము. అప్పుడు కిలో 200 రూపాయలకు అమ్మినచో అసలు మాత్రము వచ్చును, లాభము సున్న. ఎండ ముందుగా వచ్చి 90 కిలోలే అమ్ముడుపోయినచో కిలో 300 రూపాయలు పలికినగాని అసలు రాదు.

ప్రతి రైతును ఈ చోట తన అంకెలను వేసికొని చూచుకొనవలెను. ఇంటివారి కూలిని లెక్కలో వ్రాయకపోవుట మన రైతులలో మామూలు. దినము విడిచి దినము తెల్లవాఱుజామున కోతకు మనుషులు కావలసిన ఈ పైరులో ఆ కూలియే పెద్ద వ్యయము. ఇదే లెక్కను ఎకరమునకు, అనగా ఇరువదింతలకు, పెంచి చూచినచో మొదటి యేట ఎకరము వేసి నీరు చెడ్డదని తెలిసికొన్నవానికి ఎంత నష్టమో బోధపడును. రెండు గుంటలలో నేర్చిన పాఠము చౌక. ఎకరములో నేర్చినది ఇల్లు గుల్ల చేయును. అప్పు తెచ్చి మొదటి యేడు ఈ పైరును వేయవలదని గట్టిగా హెచ్చరించుచున్నాము.

కాపు ముగిసిన పిమ్మట

మార్చి తరువాత మొక్కలను నీరుపోసి నిలుపుటకు ప్రయత్నించుట వ్యర్థము. వానిని పీకి, తెగులు లేనివాటిని ఎరువుదిబ్బలో వేసి, పాలిథీను పొరను జాగ్రత్తగా చుట్టి తీయవలెను. తునకలను నేలలో కలియ దున్నరాదు. నీటిగొట్టములను దాచినచో మఱుసటి యేడు ఖర్చు తగ్గును. అదే చెక్కలో వెంటనే మఱల స్ట్రాబెర్రి వేయక, తొలకరికి జొన్న గాని జనుము గాని చల్లవలెను.

రైతులు జ్ఞాపకముంచుకొనవలసినవి

1. నేల, నీరు రెండును పరీక్షింపకమునుపు నారు తెప్పింపరాదు.

2. నల్లరేగడి, ఉప్పునీరు, టమాట వేసిన చెక్క, ఈ మూటిలో ఏ యొక్కటి యున్నను వేయరాదు.

3. అక్టోబరు రెండవ పక్షమున, ఎత్తైన మడులపై, మొక్క మొదలు నేలమట్టమున నుండునట్లు నాటవలెను.

4. పూతకాలమున పగటిపూట మందు చల్లరాదు.

5. పండును పూర్తిగా ఎఱ్ఱబాఱిన పిమ్మటనే కోయవలెను.

6. కొనువారిని ముందు, నారును తరువాత వెదకవలెను.

7. మొదటి సంవత్సరము రెండు గుంటలు. ఆ యేటి ఆదాయవ్యయములు కాగితముపై వ్రాసి చూచిన పిమ్మటనే రెండవ సంవత్సరపు మాట.